వెసులుబాటు

కాజీపేటలో ఆదివారాలు ఖాళీగా ఉండే
ఒక ఏడో తరగతి గది.
పిల్లల బెంచీల్లో మోకాళ్లు పట్టక
పక్కకు తిరిగి కూర్చున్న పదకొండు మంది.
తొమ్మిదింటికి క్లాసంటే
ఎనిమిదిన్నరకే గేటు ముందు వరుస కట్టేవాళ్లు.
తాళంచెవి తెచ్చే మాకే ఆలస్యం.

మేమంటే ఇద్దరం.
భూపాలపల్లి బొగ్గు గనుల్లో ప్లానింగు చూసి
రిటైరైన మొగిలయ్య సారు,
రెండేళ్లు వెనకబడ్డ నాలా పనికి
నెలనెలా కొత్త షెడ్యూలు గీసే నేను.
ప్రాజెక్టు మేనేజ్‌మెంటు నేర్పుతామని కరపత్రం వేశాం.
ఒక్కనాడూ ఆలస్యమెరుగని వాళ్లకు
కాలం గురించి చెప్పడానికి
నేనే దొరికాను.

మొదటి వారం రెజ్యూమెలు రాయమన్నాం.
"పదిహేడేండ్లు. కంచరగాడిదల దళం."
అంతే రాసి పెన్నుకు మూత పెట్టాడు
నాయక్ గుగులోతు వాల్యా, నెక్కొండ దగ్గరి తండా.
"ఇంకేం రాయాల్నో తెల్వది మేడం.
ఏటీఎం కాడ కావలికి ఇది సరిపోదా?"

మొగిలయ్య సారు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.
ఎన్ని గాడిదలు?
"నలభై రెండు. అన్నింటికీ నంబర్లుండె. మేం పేర్లు పెట్టుకున్నం."
ఎంత దూరం?
"దూరం కాదు సార్, ఎత్తు."
మంచు మళ్లీ దారి మూసేలోగా నూటపది రోజులు.
ఆలోగా ఏడాదికి సరిపడా
ఉప్పూ పప్పూ కిరోసినూ పైకెక్కాలి.
మధ్యలో చెక్కవంతెన తెగితేనో?
వాల్యా నవ్వాడు.
"తెగుతది సార్. ఎన్నడు తెగుతదో ముందే రాసి పెట్టుకునేది."

సారు నా వైపు చూశాడు.
నేను లేచి బోర్డు తుడిచేశాను,
ఆ రోజు చెప్పాలనుకున్నదంతా.

మూడో వారం గళ్లు.
ఏ పని ముందు, ఏ పని వెనక,
దేని మెడ మీద ఏది కూర్చుంది.
వనరులు అన్న గడిలో
సిమెంటు, కంకర, క్రేను, కూలీలు పన్నెండు
అని రాస్తుంటే
సుబేదార్ కరీముల్లా చెయ్యెత్తాడు.
"మనుషులకు వేరే గడి పెట్టొచ్చా?"
సాఫ్ట్‌వేర్‌లో లేదన్నాను.
ఆయన తన కాగితం మీద
స్కేలు పెట్టి గీసుకున్నాడు.

ఒక పని కొంత జాప్యమైనా
మొత్తం పని ఆగకుండా ఉండే ఆ కాస్త జాగా,
దాన్ని ఫ్లోట్ అంటారని చెప్పి
తెలుగు మాట కోసం తడుముకుంటుంటే
వెనక బెంచీ అందించింది: వెసులుబాటు.

వాల్యా కాగితం దిద్దాను.
ఇరవై ఆరు పనులు.
ఇరవై ఆరింటికీ వెసులుబాటు సున్నా.
గోడకు రంగు ఐదు రోజులు ఆగొచ్చు, గేటు పది రోజులు,
లెక్క మళ్లీ చెయ్యమన్నాను.
చేసి తెచ్చాడు. మళ్లీ సున్నాలే.
"ఆగితే ఏమైతది మేడం?"
ఏమీ కాదు.
"ఏమీ కాదా?"
వెళ్లని ఊరి పేరులా
ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

ఆ రాత్రి మా నాలా షెడ్యూలు తెరిచాను.
ఈ రెండేళ్ల వెసులుబాటు మాకెవరిచ్చారు?
మబ్బు పట్టినప్పుడల్లా
మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టుకునే
లోతట్టు వీధినైతే
మేం అడిగినట్టు ఎక్కడా లేదు.

ఎనిమిదో ఆదివారం.
తొమ్మిది దాటింది, పది మందే ఉన్నారు.
హాజరు పుస్తకం తెరిచి, మూసి, మళ్లీ తెరిచాను.
తొమ్మిదీ ఇరవైకి వచ్చాడు వాల్యా.
ఇస్త్రీ చొక్కా, కంగారేమీ లేదు.
గుమ్మంలో నిటారుగా నిలబడి
"బ్రిడ్జి మీద బండి ఆపిన మేడం.
కింద గూడ్సు పోతుండె. యాభై ఎనిమిది డబ్బాలు."
అంతేనా?
"అంతే. లెక్కపెట్టిన. ఊరికెనే."

ఎవరూ ఏమీ అనలేదు.
కరీముల్లా బెంచీ మీద జరిగి చోటిచ్చాడు.
ఇచ్చి, మెల్లగా అడిగాడు,
"గార్డు డబ్బా కలుపుకొనేనా?"