ఏడో గీత

జనవరి, కెమియార్వి, సున్నాకి ఇరవై ఆరు కింద.
షెడ్డు తలుపు ఎత్తగానే
చలిపొగని మోసుకుంటూ లోపలికొచ్చింది
హెల్కా పాత టొయోటా.
"వెనకద్దం గుడ్డిదైపోయింది" అంది దిగుతూనే,
"సోమవారం నుంచీ నాకు
ముందు తప్ప ఇంకో దిక్కు లేదు."

పియానోలు శృతి చేసే మనిషి.
బడి నుంచి చర్చికి, చర్చి నుంచి వృద్ధాశ్రమానికి,
రెయిన్‌డీర్లు తీరిగ్గా అడ్డం నడిచే దారిలో
వారానికి ఆరొందల కిలోమీటర్లు.
మంచు గీకే ప్లాస్టిక్ బద్ద
ఆమె చేతిలో సగానికి అరిగింది.

మొదట ఫ్యూజు.
తాళం వేశామో లేదో వెనక్కెళ్ళి లాగి చూసినట్టు
ఎప్పుడూ మొదట ఫ్యూజే.
బాగుంది.
స్విచ్చి నొక్కితే పసుపు దీపం వెలిగింది,
రిలే టక్కుమంది.
"పలికిందిగా?" అంది.
"పలుకుతుంది. పని చెయ్యదు.
మా తమ్ముడి లాగే."

డిక్కీ తలుపు మడత దగ్గర
వేలంత రబ్బరు గొట్టం, దాంట్లో వైర్లు.
ఒలిచి చూస్తే
నల్ల వైరు లోపల తెగిపోయి
పైతొడుగు ఒక్కటే పట్టుకుని వేలాడుతోంది.
"రోజుకి ఎన్నిసార్లు తెరుస్తావు దీన్ని?"
వేళ్ళు మడుస్తూ పోయి మధ్యలో వదిలేసింది.
పదహారేళ్ళు వంగి లేచి, వంగి లేచి.
ఆ రకం తెగడం నా మోకాళ్ళకి తెలుసు.

సోల్డరింగ్ పొగ తగ్గాక
ఇద్దరం వెనక సీటెక్కి మోకాళ్ళ మీద కూర్చున్నాం,
దండన పడ్డ పిల్లల్లా.
"అద్దం మీద ఊదు" అన్నాను.
ఊదింది. అంతా తెల్లబడింది.
కాసేపటికి ఒక్కో గీత చుట్టూ
ఆవిరి తప్పుకుంది,
ఒకటి, రెండు, మూడు...
ఏడో గీత దగ్గర మాత్రం
తెల్లటి పట్టీ అలాగే కూర్చుంది.

"ఇది ఎప్పుడో పోయింది" అన్నాను,
"ఇవాళ కాదు, నిన్న కాదు."
ఆమె దాన్నే చూస్తోంది.
"ఒక్కో మెట్టుకి మూడు తీగలుంటాయి పియానోలో.
ఒకటి పోయినా పాట నడిచిపోతుంది.
అందుకే ఎవరూ ఫోన్ చెయ్యరు నాకు."

మీటరు ముల్లుకి సిగరెట్టు రేకు చుట్టి
అద్దాన్ని గీరకుండా జరిపాను.
ఆరో గీత మీద వోల్టులు మెట్లు దిగాయి,
పన్నెండు, తొమ్మిది, ఆరు, మూడు,
ఇంటికొస్తున్న మనిషిలా.
ఏడో దాని మీద
పన్నెండు, పన్నెండు, ఇంకా పన్నెండు,
ఆపైన ఒక్కసారి గోతిలో పడి సున్నా.
అక్కడ, గోటి అంచంత గీరు.

ఆమె మాట్లాడకుండా వెళ్ళి
పనిముట్ల పెట్టె తెచ్చింది.
ఇత్తడి తొడిగిన మూలని గీరుకి ఆనించింది.
అచ్చు గుద్దినట్టు సరిపోయింది.
"మా గురువుగారి పెట్టె" అంది.
నేను టేపు కత్తిరించుకుంటూ కూర్చున్నాను.

పైన టేపు, కింద టేపు,
మధ్య సందులో వెండి రంగు, వెంట్రుక కుంచెతో.
ఊపిరి బిగబట్టాల్సింది నేనైతే
బిగబట్టింది ఆమె.
తర్వాత మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ తెచ్చి
గంటసేపు గీతకి గాలి కొట్టాం వంతులేసుకుని.
కాఫీ రెండుసార్లు చల్లారింది.

"నీ కంప్రెసర్" అంది ఉన్నట్టుండి,
"పావు శృతి తక్కువగా మూలుగుతోంది."
"గాలి వస్తోందిగా" అన్నాను.
నవ్వలేదు. నిజంగానే బాధపడుతున్నట్టుంది.

రెండున్నరకే చీకటి.
పెట్టెని ముందు సీట్లో కూర్చోబెట్టి
బెల్టు కట్టింది.
బండి వెనక్కి తిరుగుతుంటే
కడిగినట్టున్న అద్దంలోంచి
లోపలి చిన్నద్దంలో ఆమె కళ్ళు కనిపించాయి,
నన్ను కాదు, దారిని చూస్తూ.

తలుపు దించి
కంప్రెసర్ ఆపడానికి వెళ్ళాను.
ఇరవై రెండేళ్ళుగా దాని పక్కనే పని చేస్తున్నాను.
చెయ్యి స్విచ్చి మీదే ఉంచి
కాసేపు విన్నాను.
తక్కువే.