ఏడు మెట్ల ఎత్తు

అరకు వెళ్దామనుకున్నాం ఈ వేసవికి.
చలికోట్లు కూడా కొన్నాం, రాజమండ్రిలో, మే నెలలో.
కొట్టువాడు మమ్మల్ని ఎగాదిగా చూశాడు.
తీరా చూస్తే పై ఆఫీసులో
సెలవు రెండు రోజులకు కత్తిరించారు.
చివరికి వశిష్ఠ పాయ దాటి
పొన్నలంకలో దిగాం,
నేనూ, అమృతవల్లీ, ఆరేళ్ళ మా నీలూ,
చలికోట్ల సంచీతో సహా.

పల్లాలమ్మగారి బస అంటే పడవవాడికి తెలుసు.
"ఎక్కేవోళ్ళ లాడ్జీయా అండి? ఆయ్, ఆ మలుపే."
ఎక్కేవాళ్ళేమిటి?
చుట్టూ చాపలా పరిచిన నేల.
సోడా గోళీ పడేస్తే
దొర్లడానికి వాలు లేదు.

సున్నం రాలిన గోడలు, పెంకు కప్పు,
గదికో నులకమంచం, గోడకో మేకు.
బట్టలు తగిలించబోతే వద్దంది పల్లాలమ్మగారు.
ఎందుకో చీకటిపడే వేళకి తెలిసింది.
పదకొండు మంది దింపు కూలీలు,
కొబ్బరి చెట్లెక్కేవాళ్ళు,
మేకుకో మోకు తగిలించారు.
కాళ్ళకు వేసుకునే బంధాలు గుమ్మం పక్కన పడేసి
కత్తులు ఆమె చేతికి అప్పజెప్పారు.
రాత్రి కత్తి ఎవరి దగ్గరా ఉండకూడదు,
ఇక్కడి రూలు అదొక్కటే.
వాళ్ళ వెనక కాయలు పోగేసే ఆడవాళ్ళు,
చంకల్లో పిల్లలు,
ఒకామె చంకలో టేబుల్ ఫాను.

భోజనం అందరికీ ఒకే సావిడిలో.
రొయ్యపొట్టు వేసిన ఆనపకాయ, పలచటి చల్ల.
ఎదుటాయన ఛాతీ మీద
కాయలు కాసిన చర్మం చూసి నీలు అడిగింది,
"మీరు ఏ కొండెక్కుతారు?"
ఏసుపాదం నమలడం ఆపాడు.
"రోజుకి అరవయ్యండి" అన్నాడు,
నా కూతుర్ని అండీ అని.
"పైనుంచి ఏం కనిపిస్తుంది?"
"పక్క చెట్టండి."
సావిడంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.
"గాలున్నరోజు అదీ ఒకచోట కనపడదండి."

కరెంటు పోయింది.
అందరం అరుగు మీదికి చేరాం.
ఫానామె ఫానుని ఒళ్ళో పెట్టుకునే కూచుంది.
మెట్ల పక్క గోడ మీద గాట్లు కనబడ్డాయి,
పిల్లల ఎత్తులేమో అనుకున్నాను.
పల్లాలమ్మగారు లాంతరు దించి చూపించింది.
"ఇది మా ఆయన పోయిన ఏడు, మూడో మెట్టు.
ఇదిగో, ఇది ఎనభయ్యారు.
ఆరో మెట్టు కాడ ఆగింది గోదారి.
లంకలో ఏడు మెట్లున్న ఇల్లు ఇదొక్కటే కదండీ.
నలభై గడపల జనం, రెండు చూడి గేదెలు,
పసుపు ఆరని ఓ పెళ్ళికూతురు.
ఈ ఏసుపాదం వాళ్ళ నాన్న చెట్టు మీదుండి
నీళ్ళు ఎటు తిరుగుతున్నాయో కేకేసి చెప్పేవోడు.
మూడు రాత్రులు.
ఆ తరవాత ఎవరొచ్చి చోటడిగినా
లేదనడానికి నోరు రాలేదు.
అదే లాడ్జీ అయింది."

లాంతరు వత్తి తగ్గించి లోపలికి పోయింది.
నేను ఆరో మెట్టు మీద కూచున్నాను
చాలాసేపు.
ఆకుల చప్పుడు వానలా ఉంది, వాన లేదు.
ఎవరో నిద్రలో చెట్లు లెక్కపెడుతున్నారు,
పదిహేడు దగ్గర తప్పిపోయి
మళ్ళీ పదమూడు నుంచి.

నాలుగింటికి మోకులు మేకులు దిగిన చప్పుడు.
కత్తులు పేరుపేరునా ఇచ్చింది ఆవిడ.
టార్చిలైట్లు గట్టు మీద వరసగా వెళ్ళి
కాసేపటికి
ఒక్కొక్కటే పైకి లేవడం మొదలెట్టాయి.

పొద్దెక్కాక బిల్లు కట్టాం.
పాల డబ్బులు ఆవిడ తీసుకోలేదు.
చెమటలు కారుతున్నా వినకుండా
నీలు చలికోటు తొడిగింది, మెడదాకా గుండీలు పెట్టి.
నా చెయ్యి పట్టుకుని
ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగింది.
రేవు దారిలో అంది,
"నాన్నా, చెవులు దిబ్బళ్ళు పడ్డాయి."
అమృతవల్లి నవ్వింది.

నేను ఎవరూ చూడకుండా
ఒకసారి గుటక వేశాను.