బొటనవేలి దారం

సిరొంచలో రాత్రి కరెంటు పోతే
ఒక ఇల్లు "లైట్ గేలీ" అంటది,
పక్కిల్లు "కరెంటు వోయింది" అంటది.
నా కంపైలు నలభై రెండో నిమిషంలో ఆగింది.
లాప్‌టాప్ బ్యాటరీ పోయినేడే ఉబ్బి చచ్చింది.
కొత్తదానికి అర్జీ పెట్టిన,
మరాఠీలో, రెండు ప్రతులు.

ప్రాణహిత ఘాటు మీద ఇనుప స్తంభానికి
అరచెయ్యంత బోర్డు ఒకటి బిగించిన.
ఒక సోలార్ పలక, ఒక స్కూటర్ బ్యాటరీ,
నీళ్ళలోకి దించిన గొట్టంలో ఒక బెండు.
బెండు లేస్తే తహసీలుకు సందేశం పోవాలె.
గంతే దాని నౌకరి.

ఆషాఢంలో తొమ్మిది రోజులు ఎండ లేదు.
నాలుగో రాత్రికే కన్ను మూసింది,
ఊరికే మేలుకొని మేలుకొని.

సెకనుకు రెండువందల యాభై సార్లు
తల లేపి అడుగుతున్నది: ఏమన్న ఉన్నదా?
ఏం లేదు.
ఏమన్న ఉన్నదా?
పని లేకున్నా ఉరికేటట్టు
దాని కెర్నల్ కట్టినోడు ఎవడో
గోడలో కరెంటు ఎన్నడూ పోని ఊరోడు.

నీలి తెర. కిందికి దిగినకొద్దీ వరుసలు.
ఒక్కసారి నొక్కితే చుక్క, మళ్ళ నొక్కితే ఖాళీ.
టిక్కు పనున్నప్పుడే: చుక్క.
వేగం అడిగినప్పుడే: చుక్క.
టీవీకి పోయే తీగ, పాట పాడే చిప్పు,
ఆ స్తంభం మీద ఎవలు చూస్తరు, ఎవలు వింటరు? ఖాళీ.
ర్యామ్‌లోకి సస్పెండ్.
ఇక్కడ నా వేలు కొంచెంసేపు ఆగింది.
చుక్క.

పండుకున్నది. అబ్బ, ఎంత మంచిగ పండుకున్నదో!
బ్యాటరీ ముల్లు తెల్లారేదాకా కదల్లే.
తెల్లారి చూస్తే నది మూడు మెట్లెక్కి కూసున్నది,
ఇది ఇంకా నిద్రలనే ఉన్నది.
తీగ పెట్టి పిలిచిన. ఎంటర్, ఎంటర్, ఎంటర్.
ఆఖరికి ప్లగ్గు పీకిన.
తహసీల్దారు ఫోన్‌ల ఏమన్నడో ఇక్కడ రాయను.
నిద్రపుచ్చుడు నేర్చిన, లేపుడు నేర్వలే.

గా రాత్రి ఘాటు కాడ గగ్గూరి పోచం,
మొఖం మీద రుమాలు, గురక మెట్లమీంచి జారుతున్నది.
"మామా, గాలం ఏది?"
రుమాలు తియ్యకుండనే కాలు చూపిచ్చిండు.
బొటనవేలికి రెండు చుట్లు దారం,
దారం చీకట్ల నీళ్ళలకు.
"మనిషి పండుతడు పిల్లా. వేలు పండదు."

ఇంటికొచ్చి వెతికిన.
పదిహేడో పిన్ను, బెండు తీగ అదే.
ఈ తీగ నిన్ను లేపొచ్చు అని
ఎక్కడా ఒక్క ముక్క రాసి లేదు.
రాసిన.
ఒంటిగంటంబావుకు కరెంటొచ్చింది.
గంట కంపైలు. ఫ్యాను చప్పుడు, నేను, ఒక బల్లి.

తెల్లారి రాత్రి గొడుగేసుకొని మెట్ల మీద కూసున్న.
బోర్డు పండుకున్నది.
గొట్టంలో చెయ్యి పెట్టి బెండును లేపిన.
ఆకుపచ్చ దీపం!
సందేశం పోయింది. ఎనిమిది సెకన్లకు మళ్ళ చీకటి.
ఇంకోసారి లేపిన, ఉత్తగనే, సంబరానికి.

అప్పుడే పోచం కాలు ఉలిక్కిపడ్డది.
లేచి గుంజిండు: టేకుకొమ్మ, ఆకులతోసహా.
విసిరేసి మళ్ళ చుట్టుకుంటున్నడు.
"ఉత్తగ లేపింది కదా మామా నిన్ను."
"కట్టె అని తెలువాలన్నా లేవాలె గద" అని
ఆవలింత సగంలనే గురకలకు పోయిండు.

మూడూ పదికి బోర్డు తనంతట తాను లేచింది.
నీటిమట్టం అంతే. ఏదో తాకి గొట్టం ఊగినట్టున్నది.
ఎనిమిది సెకన్లు, మళ్ళ పండుకున్నది.

నది మీద వాన.
నాకే నిద్ర పట్టలే.
చెప్పులిడిచి
కాలి వేళ్ళు చూసుకుంట కూసున్న.