మార్చి లోపు

క్యాంపు వెనక, నీళ్ల ట్యాంకుకీ గోడకీ నడుమ
రెండు మంచాలు పట్టేంత జాగా.
సోహార్ ఎండకు తెల్లబడ్డ సిమెంటు పొడి,
గవ్వ ముక్కలు, ఎవరో వంచి పారేసిన మేకులు.
నాలుగు శుక్రవారాలు జల్లెడ పట్టాం.
ఇక గింజలే తక్కువ.

గింజలు ఎక్కణ్నుంచి తెప్పించాలన్నది
తొమ్మిది మంది తేల్చాల్సిన సంగతి.
తలా మూడొందల బైసలు వేసుకున్నాం.
ఫోను నాది కనుక తిట్లు కూడా నాకే.

తెర మీద హాలండు కంపెనీ.
పెళ్లింటి బల్బుల్లా టమాటాలు.
పది గింజలకు రెండు రియాళ్లు,
పంపే ఖర్చు వేరే, వచ్చేసరికి మూడు వారాలు.
"ఆ రేటుకి ఒక్కో గింజకీ బారసాల చెయ్యాలండీ"
అన్నాడు రాజోలు సత్తిబాబు.
అయినా ఫోను చేతిలోంచి వదల్లేదు.
బొమ్మ కింద సన్నటి అక్షరాలు నేనే చదివాను:
ఈ కాయలోని గింజ దాచుకోవద్దు, తల్లిని పోలదు.
"దాసుకునేటోడు ఈడ ఎవడున్నడు తియ్"
రాజలింగం గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంటి గింజలే కావాలంటాడు మొగిలి.
పోయినేడు వాళ్ల వదిన పంపింది
పుంటికూర, అనిగెపుకాయ, నల్లచిక్కుడు
చీర అంచులో మూడు ముడులేసి.
తెచ్చినతను మస్కట్‌లో దిగాడు, మూట దిగలేదు.
అధికారి ముడి విప్పి, వేలితో కదిపి,
వాసన చూసి, ఎందుకో నవ్వి,
డబ్బాలో వేశాడట.
ఆ నవ్వెందుకో మొగిలికి ఇప్పటికీ అర్థం కాలేదు.

చివరికి సూక్‌లో మురాద్ బక్ష్ కొట్టుకు పోయాం.
చేపల వలలు, మేకల గంటలు,
వాటి వెనక, మూతి మడిచిన గోనెసంచుల్లో విత్తనాలు.
బొమ్మల్లేవు. టీ చెంచాతో కొలుస్తాడు.
ఏం కావాలని అడగలేదు ఆ బలూచీ ముసలాయన.
"ఎన్ని నెలలున్నాయి?" అన్నాడు, విరిగిన హిందీలో.

"పద్నాలుగు" అన్నాడు మొగిలి.
"నాకేడండీ" అన్నాడు సత్తిబాబు.
నేను వేళ్లు లెక్కపెడుతున్నాను.
పోశెట్టి కాసేపాగి, మేకల గంట చూస్తూ,
"రెండు. మార్చిల కాయితం అయిపోతది" అన్నాడు.

మురాద్ బక్ష్ చెంచా గాలిలో ఆగింది.
ఒక్కొక్కరి ముఖం చూశాడు.
"నేను అడిగింది ఎండల గురించి, భాయ్.
మే వస్తే ఏదీ నిలవదు కదా, అందుకు."

ఎవరం నవ్వలేదు. తర్వాత అందరం నవ్వాం.
పోశెట్టికి కాస్త ఎక్కువే వచ్చింది.

మెంతి రెండు చెంచాలు, ఇరవై రోజుల పంట.
ముల్లంగి ఒకటి. బెండ ఒకటి. బీర అరచెంచా.
రియాలు మీద నూరు బైసలు.
ఆ నూరూ వెనక్కి నెట్టాడు.

ఏసీ బకెట్లకు బకెట్లు కారే నెలల్లో
ఇక్కడ గడ్డిపోచ బతకదు.
మొక్క బతికే నెలల్లో ఏసీ కారదు.
అందుకని స్నానానికి వంతులు, సబ్బుకు ముందు నీళ్లు
ఒక తొట్టిలోకి. ఇదొక కొత్త కొట్లాట.

పోశెట్టిది పరంజా పని.
బీరకు పందిరి తనే కడతానన్నాడు.
"తీగ పారే నాటికి నేనుండ.
ముడులు ఇప్పుడే గట్టిగ ఏసి పోత."
పాత పైపులు, కరెంటు తీగ తొక్కు.
ఎత్తు దగ్గర మాత్రం పేచీ:
రాజలింగం తల తగలొద్దంటాడు,
సత్తిబాబు చేతికందాలంటాడు.
పోశెట్టి తన భుజం దగ్గర గీత గీసి
ఎవరి మాటా వినకుండా బిగిస్తున్నాడు.

ఫోనులో హాలండు టమాటాలు
ఇంకా బుట్టలోనే ఉన్నాయి.
రోజూ రాత్రి పదింటికి వణికి అడుగుతుంది:
కొంటారా, తీసేయాలా?
దాన్ని బోర్లా పెట్టి పడుకుంటున్నాను.