మూడున్నర కిలోలు

కాటా మీద చెయ్యి పెట్టమన్నాను.
వదిలెయ్, నీది కాదనుకో, అన్నాను.
ముప్పయ్యేళ్లుగా కొండ మీద
గుండ్లు గీస్తున్న చెంగల్రాయుడు
కుడిచేతిని వంకాయల తట్టలా దించాడు.
ముల్లు మూడున్నర దగ్గర వణికి నిలిచింది.

"ఇంతేనా?" అన్నాడు, నొచ్చుకున్నట్టు.
"సాయంత్రానికి మణుగుంటాది మేడమ్."

నిజమే. కాటాకి సాయంత్రం తెలీదు.

వేలాడుతున్నంతసేపూ
భుజానికి చెయ్యి ఒక గుసగుస.
మోచెయ్యి లేచేకొద్దీ గొంతు పెరుగుతుంది,
ముందుకు చాపితే కేక.
ఎవరిదో నడినెత్తి మీద సగం బ్లేడు ఆనించడమంటే
ఆ కేక నోరు నొక్కిపెట్టి
నెమ్మదిగా, తడిగా, చర్మం తెగకుండా నడవడం.
రోజుకి ఎన్ని తలలని అడిగితే
లెక్క చెప్పడు, పిడికిలి మూసి చూపిస్తాడు.
అది మళ్లీ విచ్చుకోవడానికి
కాస్త సేపు పడుతుంది.

ఆటోనగర్లో నా షెడ్డు.
అటూ ఇటూ లారీ పట్టీల మీద సుత్తి మోత.
మొదటిది లూనా సీటు స్ప్రింగుతో చేశాను.
బలమైంది. బలమే దాని రోగం.
తొడగ్గానే అతని చెయ్యి
జవాబు తెలిసిన పిల్లాడి చెయ్యిలా పైకి లేచింది,
దించబోతే దిగదు.
"ఇది మొయ్యడం కాదు మేడమ్, లాక్కోవడం."

రెండోదానికి గట్టి కీలు వేశాను.
బరువైతే మోసింది.
కానీ భుజం తలుపు కాదు కదా
ఒక్క మడతబందు మీద తిరగడానికి!
వెనక రెక్క ఎముక చేపలా జారుతుంది.
చెవి వెనక గియ్యాలంటే
మోచెయ్యి పక్కకు తప్పుకుని వంకర దారి పట్టాలి.
కీలు ఒప్పుకోలేదు. చొక్కా చిరిగింది.

మూడోదాని సంగతి చెప్పను.

చిరిగిన చొక్కా కుట్టుకుంటూ అతనే అన్నాడు:
"మా పెదనాయన ఏతానికి రాయి కట్టేవోడు.
గుప్పెడు మన్ను ఎక్కువైతే బాన బావిలోకి దిగదు,
తక్కువైతే నీళ్లు లెయ్యవు.
కుదిరిందంటే మాత్రం
ఏడేళ్ల పిల్ల కూడా పాడుకుంటా తోడేది."

ఆ మాటతో గుండ్రటి కప్పీని పారేశాను.
ఇంకోదాన్ని చింతగింజ ఆకారానికి అరగదీశాను:
చెయ్యి ఏ వాలులో ఎంత అడిగితే
తీగ అంతే ఇవ్వాలి,
గుప్పెడు మన్ను ఎక్కువా వద్దు.

సబ్బు నురగ రాసిన బుడగ మీద పరీక్ష.
పగల్లేదు. నేను చప్పట్లు కొట్టాను.
అతను కొట్టలేదు.
"బుడగకి భయముండదు మేడమ్. తల కావాల."

జడ విప్పుకుని స్టూలు మీద కూర్చున్నాను.
పక్క షెడ్డులో సుత్తి ఆగింది.

"మొక్కు లేకుండా నేను తియ్యను."
"ఉంది."
"ఏమని?"
"స్ప్రింగు తెగకూడదని."
నవ్వాడు, చెంబెడు నీళ్లు నెత్తిన పోశాడు.

ఏ మీటరూ చూపని సంగతులు
నెత్తి చెప్పింది.
నుదుటి దగ్గర ఏమీ లేదు, నీటి చల్లదనం తప్ప.
మోచెయ్యి భుజం ఎత్తు దాటినచోట
ఒక పట్టు, ఇసుక రేణువంత.
చెవి వెనక వంకర దారిలో తీగ బుద్ధిగా వెంట నడిచింది.
మెడ దగ్గర మాత్రం
అతనికంటే ముందే తను అనుకుంది,
రెప్పపాటు.
ఒక రక్తపు బొట్టు.

అతను పసుపు కోసం వెతుకుతున్నాడు,
నేను సుద్దముక్క కోసం.
మెడ మీద ఆగిన ఆ వాలు ఆరిపోకముందే
చింతగింజ అంచున గుర్తు పెట్టాలి.

పని అయ్యాక ఎదురు బంకులో టీ తాగాడు.
కుడిచేత్తోనే.
గ్లాసు దించి వీపు గోక్కున్నాడు,
పడుతున్న తువ్వాలును గాలిలోనే పట్టుకున్నాడు,
ఎవరికో చెయ్యూపి బస్సెక్కేశాడు.
నెత్తి తడుముకుంటూ చూస్తూనే ఉన్నాను.
కేకెయ్యాలని తట్టలేదు.

గంటకి ఫోన్.
"అలిపిరి తనిఖీలో కుయ్యిమనింది మేడమ్,
అప్పుడుగాని గుర్తు రాలా
ఇది ఒంటి మీద ఉండాదని.
పోలీసాయన అడగతా ఉండాడు,
ఏం చెప్పేది?"

ఆకురాయి పక్కన పెట్టాను.
ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను.