సగం అంచు

ఈ ఊళ్ళో గాలిని ఎవరూ తిట్టరు.
పుంటా అరేనాస్‌లో వీధి మూలలకి తాళ్ళు కట్టి ఉంచుతారు,
డిసెంబర్లో అవి పట్టుకునే బ్యాంకుకి పోవాలి,
పెళ్ళికైనా, చావుకైనా.

నెవెంకా కళ్ళజోళ్ళ కొట్లో నా తొలి ఏడాది పని
నేల మీద పడ్డ మరలు ఏరడం.
ఆవగింజలో సగం ఉంటాయి.
అయస్కాంతానికి అంటుకోవు.
బుగ్గ నేలకానించి, దీపం పక్కనుంచి పట్టి
వాటి నీడలు వెతికేదాన్ని.
"మర చిన్నదే, నీడ పొడుగు" అనేది ఆవిడ,
తను మాత్రం వంగకుండా.

ఆ మంగళవారం ఎలియోదోరో మాన్సీయా వచ్చాడు.
పీతల పడవ మనిషి.
అతని వెనక తలుపు మూయడానికి ఇద్దరం కావలసొచ్చింది.
జోడుకి పైసగమే లోహం,
కిందసగం పట్టి ఉంచాల్సిన తీగ ఎప్పుడో తెగింది.
దాని బదులు గాలపు దారం:
అద్దం మీదుగా, అడ్డంగా, నిలువుగా చుట్టి
సరిగ్గా కంటిపాపకెదురుగా ముడి.

"ఎలా కనిపిస్తుంది?"
"అన్నీ కనిపిస్తాయి. మా ఆవిడ కూడా.
ముడి వెనక."
కాసేపాగి, గర్వంగా:
"ఐదు నెలలు. ఒక్కసారి ఊడలేదు."

నెవెంకా ఆ ముడి విప్పబోయింది.
సూదితో, పళ్ళతో, పావుగంట.
చివరికి పక్కన కత్తిరించి
ముడిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది,
పుట్టుమచ్చ కోసి పెట్టినట్టు.

అద్దం అంచు చుట్టూ గాడి ఉంటుంది.
వేలికి తెలీదు, గోరుకి తెలుస్తుంది.
అందులో సముద్రపు ఉప్పు గట్టిపడి ఉంది,
గీకింది, ఊదింది, మళ్ళీ గీకింది.
నైలాను తీగ ముక్కువైపు చిల్లులో దూర్చి
బయటికి, లోపలికి, చెవివైపు చిల్లులోకి.
ఎంత పొడవన్నది కొలబద్ద చెప్పదు.
అద్దానికి ఆ తీగ కొంచెం చాలకూడదు.
చాలిందా, జారుతుంది.

తర్వాత ఒక ఎర్ర రిబ్బను,
ఎవరి కేకు పెట్టెదో,
తీగ కింద వేసి లాగుతూ పోయింది అద్దం చుట్టూ.
టక్. తీగ గాడిలో కూర్చుంది.
రిబ్బను జారి ఆవిడ ఒళ్ళో పడింది.

బొటనవేలితో తిప్పి చూడమంది. తిరగలేదు.
నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.
రెండు నల్ల పలకల మధ్య జోడు పెట్టి
వెనక దీపం వెలిగించింది.
అంత తేటగా ఉన్న అద్దం
మూలమూలలా రంగులు కక్కింది:
నెమలికంఠం, పసుపు, వంకాయ ఊదా.
ఎంత బాగుందో అన్నాను.
"అది నొప్పి," అంది నెవెంకా.
"బిగువెక్కువైంది. ఏదో తెల్లవారుజామున
డెక్కు మీద మంచు పడుతుంటే చీలుతుంది."

మొత్తం ఊడదీసింది.
గోరు చివరంత వదులిచ్చి
మళ్ళీ చిల్లు, మళ్ళీ తీగ, మళ్ళీ రిబ్బను.
నా బొటనవేలికి ఈసారీ అద్దం తిరగలేదు.
పలకల మధ్య నల్లగా ఉండిపోయింది, చూడ్డానికేమీ లేకుండా.
"ఇప్పుడు డబ్బు తీసుకోవచ్చు," అంది.

అతను పెట్టుకుని గోడ క్యాలెండరు చూశాడు,
నన్ను చూశాడు, కిటికీ చూశాడు.
"మధ్యలో ఏదో ఖాళీ అయినట్టుంది" అన్నాడు.

బయట, కుడిచెయ్యి తాడు మీద.
ఎడమచెయ్యి కళ్ళజోడు మీద కప్పి,
ఐదు నెలల అలవాటు,
మందుల షాపు దాకా అలాగే నడిచాడు.
అక్కడ గాలి టోపీ లాక్కుంది.
పట్టుకోబోయి ఆ చెయ్యి తీసేశాడు.
టోపీ దక్కలేదు.
రేవు వైపు దొర్లుతున్న దాన్ని చూస్తూ
అలాగే నిలబడ్డాడు, చెయ్యి గాల్లో ఉండగానే,
ముఖమంతా తెరిచి.

కొట్టు ఇప్పుడు నాది.
మరల డబ్బాలో ఆ ముడి ఇంకా ఉంది.
బేరాల్లేని మధ్యాహ్నాలు
గోటితో కదిపి చూస్తుంటాను.
రాదు.