జురోమిన్ దగ్గర ఒక షెడ్డు

"ఎన్నాళ్ళుంటుందది?" అని అడిగింది బొగుమీవా.
తెల్ల సూటు లోపల నాకు చెమట,
బయట మైనస్ తొమ్మిది.
పాఠం అప్పజెప్పాను:
ఎండలో అయితే త్వరగానే పోతుంది.
తడి పెంటలో, చల్లని నీళ్ళలో వారాలు,
ఒక్కోసారి నెలలు.
గడ్డకడితే ఇంకా.

"అయితే మంచే దాన్ని దాచిపెడుతోంది,
మా అత్త నేలమాళిగలో క్యాబేజీ జాడీ దాచినట్టు."
నవ్వాలో వద్దో తెలియక
ఫ్యాను రెక్కమీది దుమ్ము దూదిపుల్లతో తుడిచాను.
ఈక ఒకటి అంటుకుని ఉంది.
దాన్నీ గొట్టంలో వేసి మూత బిగించాను.

ఇరవై రెండు వేల కోళ్ళు.
రెండు రోజులు పట్టింది.
ఆ మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

షెడ్డు వెనక ఎరువు గుట్ట
మంచులో పొగలు కక్కుతోంది.
కడుపులో గుచ్చిన థర్మామీటరు యాభై రెండు చూపిస్తోంది.
"ఇంకొంచెం, ఇంకొంచెం" అని
గుట్టను బతిమాలింది.
జ్వరం పెరగాలని కోరుకునే మనిషిని
అంతకుముందెప్పుడూ చూడలేదు నేను.

మార్చి చివర కాగితం వచ్చింది.
నేలలో లేదు, ఫ్యానులో లేదు,
నీళ్ళ గొట్టాల్లో లేదు.
రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి
ఆప్రాన్ జేబులో వేసుకుంది.
చూద్దాం రమ్మంది.

గొళ్ళెం మీద చెయ్యి వేయబోతే
నా మణికట్టు పట్టుకుని ఆపింది.
"తట్టకుండా వెళితే బెదురుతాయి.
మూలకి పరిగెత్తి
ఒకదానిమీదొకటి పడి ఊపిరాడక చస్తాయి."

తట్టింది.
లోపల అవి సర్దుకునేంతసేపు
ఇద్దరం బయటే నిలబడ్డాం.